బోర్డు లేని సైకిలు

జిల్లా పేపర్లో ఏడాదికి నాలుగైదు సార్లయినా ఒకే రకం ఫొటో పడుతుంది. సైకిలు, హ్యాండిల్‌కి కట్టిన ఫ్లెక్సీ ముక్క, క్యారియర్ మీద జెండా, మెడలో దండతో ఎండకి నల్లబడ్డ ఒక కుర్రాడు, అతనికి అటూ ఇటూ సీఐ గారో తహసీల్దారు గారో. కింద రెండు లైన్ల వార్త. పర్యావరణం కోసమనో, ప్రపంచశాంతి కోసమనో, రక్తదానం మీద అవగాహన కోసమనో దేశమంతా సైకిలు మీద తిరుగుతున్న యువకుడు నిన్న కావలి చేరుకున్నాడు. చెన్నై–కోల్‌కతా హైవే నెల్లూరు, ప్రకాశం జిల్లాల పొడుగునా పోతుంది కాబట్టి, ఢిల్లీ, ముంబై, చెన్నై, కోల్‌కతాలని కలిపే 5,846 కిలోమీటర్ల స్వర్ణ చతుర్భుజి రహదారి చుట్టి రావాలనుకునే వాళ్లెవరైనా నెల్లూరు, కావలి, సింగరాయకొండ, ఒంగోలు దాటాల్సిందే. అందుకే మన పేపర్లకి ఈ ఫొటోల కరువు లేదు.

ఆ కుర్రాళ్ల కష్టం మీద నాకు గౌరవం ఉంది. నా పేచీ అంతా ఫ్లెక్సీతోనే. మన దగ్గర ఒక మనిషి ఒంటరిగా సైకిలెక్కి ఐదారొందల కిలోమీటర్లు పోవాలంటే ముందు ఒక కారణం సంపాదించుకోవాలి. మొక్కు కావచ్చు, రికార్డు కావచ్చు, సందేశం కావచ్చు. ఏదీ లేదు, చూడాలనిపించింది, పోతున్నానంటే ఎదుటివాళ్లకి మింగుడుపడదు. నేను మాట్లాడేది ఆ ఆఖరి రకం ప్రయాణం తరఫున. దానికి ఏ సాకూ అక్కర్లేదు. సాకు తగిలించిన కొద్దీ ప్రయాణం పాడవుతుంది, పైగా రోడ్డు గురించి గట్టిగా అడగాల్సిన మాట మరుగున పడిపోతుంది.

నేను పోయింది చెన్నై హైవే మీద కాదు, దాన్ని అడ్డంగా దాటి. కృష్ణపట్నం పోర్టు దగ్గర మొదలయ్యే 67వ నంబరు జాతీయ రహదారి నెల్లూరు, ఆత్మకూరు, బద్వేలు, మైదుకూరు, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, తాడిపత్రి, గుత్తి, బళ్లారి, హొసపేట, గదగ్, హుబ్బళ్లి, ధార్వాడ మీదుగా గోవా సరిహద్దు దగ్గర రామనగర దాకా పోతుంది. అక్కణ్ణుంచి అన్‌మోడ్ ఘాట్ దిగితే మొల్లెం, ఇంకాస్త పోతే అరేబియా సముద్రం. మా ఇంటికి దగ్గరున్న సముద్రం దగ్గర బయల్దేరి ఇంకో సముద్రం దగ్గర దిగొచ్చు. మొత్తం ఎనిమిదొందల కిలోమీటర్లకి అటూ ఇటూ. నెల్లూరులో పాతవాళ్లు ఇప్పటికీ దీన్ని బొంబాయి రోడ్డనే అంటారు. చిన్నప్పటినుంచీ ఆ మాట వింటూనే ఉన్నాను. ఈ రోడ్డు పట్టుకుని అలా పోతే ఏమొస్తుందో చూడాలన్న కోరిక ఒక్కటే నా దగ్గరున్న కారణం.

సంక్రాంతి దాటాక బయల్దేరాను. మన తీరానికి పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. నవంబరులో సైకిలెక్కితే వాయుగుండాలతో పందెం వేసుకోవాలి. మే, జూన్‌లలో పడమటి గాలి ఎదురు కొడుతుంది, అదీ వడగాలి. జనవరిలో మాత్రం గాలి ఇంకా సముద్రం వైపు నుంచే వస్తుంటుంది, పడమరకి పోయేవాణ్ణి వీపు మీద చెయ్యివేసి తోస్తుంది. ముత్తుకూరు దాటేదాకా బొగ్గు లారీలు, నూనె ట్యాంకర్ల మధ్య ప్రాణం ఉగ్గబట్టుకుని తొక్కాల్సిందే గానీ, కోవూరు, బుచ్చి దాటాక రోడ్డు మనిషిని ఊపిరి పీల్చుకోనిస్తుంది.

ఆత్మకూరు తర్వాత నేల రంగు మారుతుంది. సంగం దాకా రెండు వైపులా వరి, పెన్న నీళ్లు కాలవల్లోకి మళ్లిన చలవ అది. ఆపైన ఎర్రనేల, గులకరాళ్లు, మేకల మందలు, కనుచూపు మేర సర్కారు తుమ్మ. సైకిలుకి మేకుకంటే ఈ సర్కారు తుమ్మ ముల్లు ప్రమాదం. గుచ్చుకున్నాక మొన విరిగి టైరులోనే ఉండిపోతుంది. ట్యూబుకి ఎన్ని ప్యాచీలు వేసినా మళ్లీ అక్కడే పొడుస్తుంది. మర్రిపాడు దగ్గర నా వెనక చక్రం అలాగే కూర్చుంది. రోడ్డు పక్క షాపులో పెద్దాయన ట్యూబు ఊడదీసి, గాలి కొట్టి, నీళ్ల తొట్టిలో ముంచి బుడగలు చూశాడు. ఆకురాయితో గీకి, సొల్యూషన్ రాసి, అది ఆరేదాకా తొందరపడకుండా పట్టుకుని కూర్చున్నాడు. ప్యాచీ అంటించాక కూడా ట్యూబు ఎక్కించలేదు. పాత బనీను గుడ్డ వేలికి చుట్టుకుని టైరు లోపలంతా నెమ్మదిగా తుడుచుకుంటూ పోయాడు. ఒకచోట గుడ్డ పోగు చిక్కుకుంది. అక్కడ గోటితో తడిమి, పట్టకారుతో కంటికి ఆనీ ఆనని ముల్లు మొన లాగి నా అరచేతిలో పెట్టాడు.

అప్పుడడిగాడు, "దేనికి తిరుగుతుండావు నాయనా?" అని.

"ఊరికేనే. చూద్దామని."

"నేనూ పోయినాలే వయసులో ఉన్నప్పుడు. ఇదే రోడ్డున మైదుకూరు, ఆడ్నించి అహోబిలం. ఇంట్లో మొక్కుందని చెప్పినా."

"మొక్కు లేదా?"

"యాడిది మొక్కు! ఊరికేనంటే మా నాయన పోనిస్తాడా?"

దారి పొడుగునా ఈ మాటే తలచుకుంటూ తొక్కాను. మనవాళ్లు తిరగనివాళ్లు కాదు. తిరుగుతారు, కాకపోతే దేవుడి పేరో పెళ్లి పేరో చెప్పి తిరుగుతారు. 1830–31లో ఏనుగుల వీరాస్వామయ్య చెన్నపట్నం నుంచి కాశీకి పోయి వచ్చారంటే పేరుకి అది తీర్థయాత్రే. కానీ దారిలో ఆయన ఊళ్ల ధరలు, పంటలు, రోడ్లు, మనుషుల అలవాట్లు ఎంత ఆత్రంగా రాసుకున్నారో చూస్తే, పుణ్యం ఒక్కటే ఆయన్ని కదిలించిందంటే నేను నమ్మను.

పెద్దాయన అడిగిన ప్రశ్న బళ్లారి దాకా రకరకాల వేషాల్లో ఎదురైంది. ఏ రికార్డుకన్నా? ఏ కంపెనీ పంపించింది? యూట్యూబ్ ఛానెలా? లారీలకి కనపడాలని నేను పసుపుపచ్చ జాకెట్ వేసుకున్నాను. సైకిలు, పసుపుపచ్చ, ఆంధ్రప్రదేశ్, ఈ మూడూ కలిస్తే ఏమనుకుంటారో నేను చెప్పక్కర్లేదు. బద్వేలు దగ్గర టీ బంకు కుర్రాడు ఎగాదిగా చూసి, "ఎలక్షన్లు ఎప్పుడో అయిపోయినాయి కదన్నా, నువ్వింకా తిరుగుతానే ఉండావా?" అన్నాడు. ఆ తర్వాత కర్ణాటకలో అడుగుపెట్టేదాకా జాకెట్ మార్చేద్దామా అనిపిస్తూనే ఉంది.

ఒక ఊళ్లో లాడ్జి సంగతి ఇంకా తమాషా. చిన్న ఊళ్లలో ఒంటరి మనిషికి గది ఇవ్వడానికి లాడ్జీ వాళ్లు జంకుతారు. ఒక్కడే వచ్చి గది తలుపు గడియ వేసుకుంటే లోపల ఏం చేసుకుంటాడోనని వాళ్ల టెన్షన్. అందులో తప్పు పట్టడానికేం లేదు, పోలీసులు వచ్చి అడిగేది వాళ్లనే. ఆధార్ చూపించి, సైకిలు చూపించి, ఆఫీసు ఐడీ కార్డు కూడా చూపించాక రిజిస్టరు నా ముందుకు తోశాడు గుమాస్తా. పేరు, ఊరు, ఫోను, ఆ తర్వాత గడి: వచ్చిన పని. నేను "ఊరు చూడటానికి" అని రాశాను. ఆయన కళ్లజోడు పైకి తోసుకుని చదివి, "ఈ ఊళ్లో చూడ్డానికి ఏముంది సార్?" అంటూ నా ముందే దాన్ని కొట్టేసి "సొంత పని" అని రాసుకున్నాడు.

ఆ గడి ఆయనొక్కడి దగ్గరే లేదు, మనందరి బుర్రల్లోనూ ఉంది. ఫ్లెక్సీ కట్టుకున్న కుర్రాడు దాన్ని ముందే నింపేసుకుని బయల్దేరుతున్నాడు, అంతే. దానివల్ల అతనికి దొరికేవీ ఉన్నాయి. భోజనం, పడుకోవడానికి కల్యాణమండపం, ఒక శాలువా. పోయేవి మనకి కనపడవు. పదకొండింటికి మైదుకూరులో మీటింగుంటే తొమ్మిదింటికి బద్వేలులో పక్కదారి పట్టే వీల్లేదు. ఎదురుగాలికి ఫ్లెక్సీ పట్టే అడ్డం సంగతి సరేసరి.

నేను పక్కదారి పట్టాను. బద్వేలు నుంచి ఉత్తరంగా పోతే పోరుమామిళ్ల. అక్కడి చెరువు 1369 నాటిది, బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు తవ్వించాడు. ఊళ్లో భైరవుడి గుడి దగ్గర దాని శాసనం ఉంది. చెరువు తవ్వడానికి రోజూ వెయ్యి మంది మనుషులు, రాయి తోలడానికి వంద బళ్లు పనిచేశాయని, రెండేళ్లు పట్టిందని అందులో ఉంది. అంతకంటే నాకు నచ్చింది, మంచి చెరువుకి ఉండాల్సిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు వరసగా చెప్పడం. గట్టి నేల, తియ్యటి నీళ్ల నది, దాన్ని ఆనుకున్న కొండ, దగ్గర్లో రాతి క్వారీ, పనితనం తెలిసిన మనుషులు కావాలట. కట్టలోంచి నీరు ఊరకూడదు, చవుడు నేల కాకూడదు, చెరువు మధ్యలో మిట్ట ఉండకూడదు, ఆయకట్టు ఎక్కువై నీళ్లు తక్కువ కాకూడదు. రెండు రాజ్యాల సరిహద్దున చెరువు ఉండటం కూడా ఒక దోషమే. నీళ్ల తగాదాల గురించి ఆరున్నర శతాబ్దాల కిందటే అంత ముక్కుసూటిగా రాసిపెట్టారు. కట్ట మీద ఎంతసేపు కూర్చున్నానో లెక్కపెట్టలేదు. ఎవరికీ ఎక్కడా టైముకి అందాల్సిన పని లేదు కాబట్టి కూర్చోగలిగాను.

కారణం లేని సైకిలు ప్రయాణం ఇప్పటి కుర్రకారు వేలంవెర్రి అనేవాళ్లకి ఒక పాత సంగతి చెప్తాను. 1923 అక్టోబరు 15న బొంబాయి నుంచి ఆరుగురు పార్సీ యువకులు సైకిళ్ల మీద ప్రపంచం చుట్టడానికి బయల్దేరారు. ఇరాన్, ఇరాక్ ఎడారులు, యూరప్, అమెరికా, జపాన్, చైనా దాటి 1928 మార్చి 18న వాళ్లలో ముగ్గురు తిరిగొచ్చారు: ఆది హకీం, జాల్ బాపాసోలా, రుస్తుం భూంగారా. 71 వేల కిలోమీటర్లు. మ్యాపులు సరిగా లేవు, ఎడారిలో నీళ్లు లేవు, వెనక పెద్ద సంస్థ ఏదీ లేదు. ప్రపంచాన్ని చూడాలన్న పట్టుదలే వాళ్ల పెట్టుబడి. ఐర్లండ్ ఆవిడ డెర్వ్లా మర్ఫీకి పదో పుట్టినరోజున ఒక సైకిలు, ఒక అట్లాసు బహుమతిగా వచ్చాయి. ఇండియాకి సైకిలు మీద పోవచ్చని అప్పుడే తేల్చుకుంది. మంచాన పడ్డ తల్లిని ఏళ్ల తరబడి చూసుకుని, తల్లి పోయాక, 1963లో ఒంటరిగా బయల్దేరి ఢిల్లీ చేరింది. అప్పటికి ఆవిడకి ముప్పై దాటాయి. ఎందుకంటే, తొక్కాలని ఉంది కాబట్టి.

సందేశం ఉంటే తప్పేంటి, దానివల్ల నలుగురికి మంచి జరిగితే నీకేం నొప్పి అని నన్నడిగినవాళ్లున్నారు. మంచి జరిగితే నాకు సంతోషమే. కానీ ఆ సందేశం ఎవరికి చెప్తున్నామో ఒకసారి చూడాలి. పర్యావరణం కాపాడండని బోర్డు కట్టుకున్న కుర్రాడు దారిలో ఎవర్ని దాటుకుంటూ పోతున్నాడు? పొలానికి పార కట్టుకుని పోయే కూలీని, క్యారియర్ మీద గడ్డి మోపు వేసుకున్న రైతుని, స్టీలు సామాన్లు వేలాడదీసుకుని ఊరూరా తిరిగే వ్యాపారిని. వీళ్లంతా పుట్టినప్పటినుంచీ పెట్రోలు కాల్చకుండా బతుకుతున్నవాళ్లు. ఇరవై కిలోలకి పైబడిన ఇనప సైకిలు మీద దానికి మూడింతలు బరువేసుకుని తొక్కుతారు. వాళ్ల ఫొటో పేపర్లో పడదు, వాళ్ల మెడలో ఎవరూ దండ వెయ్యరు.

సైకిలు నిజంగా ఒక మార్పు తెచ్చిన చోట అది బోర్డుల వల్ల కాదు. 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమం మన నెల్లూరు జిల్లాలోనూ, తమిళనాడు పుదుక్కోట్టై జిల్లాలోనూ దాదాపు ఒకేసారి ఊపందుకుంది. ఇక్కడ చదువు నేర్చుకోవడానికి రాత్రిపూట కూడిన ఆడవాళ్లు దూబగుంటలో సారా అంగడి మూయించారు, అది రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరు నుంచి సారా నిషేధం దాకా పోయింది. అక్కడి ఆడవాళ్లు వేలకి వేల మంది సైకిలు నేర్చుకున్నారు. సంతకి పోవడానికి, నీళ్లు తెచ్చుకోవడానికి, పిల్లల్ని బడిలో దింపడానికి. మొగుడో కొడుకో తీసుకెళ్లేదాకా ఆగాల్సిన పని తప్పింది వాళ్లకి. యాడికి, ఎందుకు, ఎప్పుడొస్తావు అన్న మూడు ప్రశ్నలకీ జవాబు చెప్పకుండా ఇల్లు కదిలారు. సైకిలు నుంచి నేను కోరుకునేది కూడా అచ్చంగా అదే.

ఇక రోడ్డు సంగతి. సైకిలు తొక్కేవాణ్ణి సాహసవీరుణ్ణి చేసేశాక ఆ సాహసం ఎందుకు అవసరమైందని ఎవరూ అడగరు. నెల్లూరు నుంచి ఒంగోలు వైపు హైవే ఎక్కి చూడండి. తెల్లగీత అవతల ఉండే అంచు మీద ఆగిన లారీలు, రాంగ్ రూట్లో వచ్చే బైకులు, ఆరబోసిన ధాన్యం. వంతెన వచ్చేసరికి ఆ అంచు కూడా మాయమై, సైకిలూ లారీ ఒకే లైన్లో పడతాయి. సర్వీసు రోడ్డు ఊరి దగ్గర మొదలై ఊరి దగ్గరే తెగిపోతుంది. పక్క రాష్ట్రంలో బెంగళూరు–మైసూరు రహదారి మెయిన్ రోడ్డు మీదికి 2023 ఆగస్టు నుంచి సైకిళ్లనీ బైకులనీ ఆటోలనీ రానివ్వడం లేదు. భద్రత కోసమే అన్నారు, నిజమే కావచ్చు. మన హైవేకి కూడా రేపు అదే వస్తే, ఉలవపాడు దగ్గర పొలానికి పోయే మనిషి ఏ దారిన పోవాలో ముందే ఎవరైనా ఆలోచించి పెట్టారా? ప్రతి వంతెన మీదా ఒక మీటరు అంచు, తెగకుండా పోయే సర్వీసు రోడ్డు, ఈ రెండూ అడగడానికి ప్రపంచశాంతి అక్కర్లేదు.

నా మాటలకి ఒక పెద్ద అడ్డం ఉందని నాకు తెలుసు. సెలవు పెట్టుకుని, జీతం పడుతూ, కారణం లేకుండా తిరిగొచ్చాను. కూలీకి ఆ వీలు లేదు. మగవాణ్ణి కాబట్టి లాడ్జి గుమాస్తా నా గురించి పడ్డ భయం ఒక రకందే. మా చిన్నాన్న కూతురు కావలిలో నర్సుగా చేస్తోంది. ఒంగోలు నుంచి పొదిలి, మార్కాపురం మీదుగా కంభం చెరువు చూసి, గిద్దలూరు దగ్గర నల్లమల ఎక్కి నంద్యాలలో దిగాలని దాని కోరిక. ఒక్కతే. సైకిలు కొనేసింది కూడా. ఏ ట్యూబు వెయ్యాలని ఫోను చేసింది. ఇరవయ్యారు అంగుళాల చక్రం, బైకు రకం వాల్వున్న ట్యూబు వేసుకోమన్నాను. సన్నటి వాల్వు ట్యూబులు పల్లెటూళ్లలో దొరకవు, ఇదైతే ఏ పెట్రోలు బంకులోనైనా గాలి పట్టించుకోవచ్చు, టైరు కూడా చిన్న ఊళ్లలో దొరుకుతుంది.

తర్వాత అసలు సంగతి అడిగింది. "ఇంట్లో ఏం చెప్పమంటావన్నా?"

ఇంత వాదన చేసే నేను, ఊరికే పోతున్నానని చెప్పెయ్యి అనలేకపోయాను. రక్తహీనత మీద అవగాహన యాత్ర అని ఒక బోర్డు కట్టుకో, నర్సువి కాబట్టి నమ్ముతారు, దారిలో కూడా జనం మర్యాదగా చూస్తారు అన్నాను. బోర్డున్న ఆడమనిషిని ఆపి అడిగేవాళ్లు తగ్గుతారు, అది నిజం.

"నువ్వు పోయేటప్పుడు పెదనాన్నకి ఏం చెప్పావు?"

"ఏం చెప్పలేదు. ముందురోజు రాత్రి, పొద్దున్నే పోతున్నానని చెప్పా."

"నాకు మాత్రం బోర్డా?"

జవాబు లేకపోయింది. ఆఖరికి, చిన్నాన్నతో తను మాట్లాడేటప్పుడు పక్కన నన్ను కూర్చోమంది, బోర్డు మాట ఎత్తకూడదన్న షరతు మీద. ఈ ఆదివారం కావలి పోతున్నాను.